మాట ఉన్నచోట రోగం ఉన్నదా?

అక్షరాలు చదవడం వేరు, అర్థాన్ని గ్రహించడం వేరు. ఈ భేదం కావ్యాలు చదివేవారికే పరిమితమని చాలామంది భావిస్తారు. కాని ఆసుపత్రిలో వైద్యుడు రాసిన కేస్ షీటును చదివేటప్పుడు కూడా ఈ భేదం అంతే ముఖ్యమైనది. కావ్యంలో అర్థం తప్పితే రసభంగం కలుగుతుంది. కేస్ షీటులో అర్థం తప్పితే మనిషి ప్రాణానికే ముప్పు కలుగవచ్చు. నేడు వేలకొద్దీ కేస్ షీట్లను కంప్యూటర్ల చేత చదివించే ప్రయత్నాలు ప్రపంచమంతటా సాగుతున్నాయి. యంత్రానికి చదవడం నేర్పాలంటే ముందుగా మనుషులు ఆ పత్రాలను చదివి, రోగం పేరు వచ్చిన ప్రతిచోటా దాని అర్థాన్ని నిర్ణయించి ఒక గుర్తు పెట్టాలి. ఈ పనినే లేబులు వేయడం అంటారు. పుపుస రక్తపోటు అనే ఒక్క రోగాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ పని స్వరూపాన్ని, అందులోని బాధ్యతను తెలుసుకోవడం ఈ పాఠం ఉద్దేశం.

కొల్లేరు చెప్పే పాఠం

లేబులు వేయదలచినవారు మొదట రోగాన్ని ఎరిగి ఉండాలి. పుపుసం అంటే ఊపిరితిత్తి. గుండె కుడిభాగం నుండి ఊపిరితిత్తులకు రక్తాన్ని తీసుకొనిపోయే నాళం పుపుస ధమని. ఈ ధమనిలో రక్తపు ఒత్తిడి మితిమీరి పెరగడమే పుపుస రక్తపోటు. మనం సాధారణంగా ‘బి.పి.’ అనే రక్తపోటు వేరు, ఇది వేరు. చేతికి పట్టీ కట్టి చూస్తే బి.పి. 120/80 ఉన్న మనిషికి కూడా పుపుస రక్తపోటు ఉండవచ్చు.

ఈ రోగం తీరును గ్రహించడానికి కొల్లేటి సీమను మించిన ఉదాహరణ లేదు. ఏలూరు జిల్లాలోని మండవల్లి కొల్లేరు సరస్సును ఆనుకొని ఉన్న మండలం. 2022 ఏప్రిల్ వరకు ఇది కృష్ణా జిల్లాలో ఉండేది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏర్లు నీటిని తెచ్చిపోస్తాయి. ఆ నీరు బంగాళాఖాతం చేరడానికి ఉన్న ప్రధానమైన దారి ఉప్పుటేరు. శరీరంలో ఏర్లవంటివి సిరలు. కొల్లేరు వంటిది గుండె కుడిభాగం. ఉప్పుటేరు వంటివి ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు. సముద్రం వంటిది గుండె ఎడమభాగం.

ఉప్పుటేరు సాఫీగా పారినంతకాలం కొల్లేరుకు ఇబ్బంది లేదు. అది పారకపోతే సరస్సు ఉబ్బుతుంది, లంక గ్రామాలు మునుగుతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచెత్తిన తరువాత ఆ నీరు కొల్లేరు చేరినప్పుడు మండవల్లి, కైకలూరు మండలాల లంక గ్రామాల ప్రజలు ఈ సంగతిని కళ్ళారా చూశారు. పుపుస రక్తపోటులోనూ ఇదే జరుగుతుంది. దారి బిగుసుకొన్నందువల్ల గుండె కుడిభాగం శ్రమపడి శ్రమపడి ఉబ్బుతుంది. రోగికి ఆయాసం వస్తుంది, కాళ్ళకు నీరు దిగుతుంది, స్పృహ తప్పవచ్చు. చివరకు గుండె అలసి ఆగిపోయే ప్రమాదం కూడా ఉన్నది.

అయితే ఏరు పారకపోవడానికి కారణం ఒక్కటే కాదు. అందుచేత వైద్యులు ఈ రోగాన్ని ఐదు వర్గాలుగా విభజించారు. ఏటి గట్లే లోపలికి పెరిగి దారి ఇరుకైనట్లు, ధమనుల గోడలు మందమైతే అది మొదటి వర్గం. సముద్రం పోటు మీద ఉండి ఏటినీటిని వెనక్కు నెట్టినట్లు, గుండె ఎడమభాగం చెడి ఒత్తిడి వెనక్కు తన్నితే అది రెండవ వర్గం. చిన్ననాటి గొంతునొప్పి నుండి మొదలై గుండె కవాటాలను ఇరుకు చేసే రుమాటిక్ జ్వరం వల్ల మన దేశంలో చాలామందికి ఈ స్థితి కలుగుతున్నది. ఊపిరితిత్తుల జబ్బుల వల్ల, ప్రాణవాయువు కొరత వల్ల వచ్చేది మూడవ వర్గం. పొగాకు పొగ, ఏళ్ళతరబడి పీల్చిన కట్టెల పొయ్యి పొగ ఊపిరితిత్తులను చెరచి ఇందుకు దారితీయవచ్చు. గుర్రపుడెక్క మేట వేసి ఏటికి అడ్డుపడినట్లు, రక్తపు గడ్డలు నాళాలను మూసివేస్తే అది నాల్గవ వర్గం. పలు కారణాలు కలిసినవి, కారణం స్పష్టంగా తేలనివి ఐదవ వర్గం.

ఈ విభజన పుస్తకాలకు పరిమితమైనది కాదు. గోడలు మందమైనవారికి ఇచ్చే ప్రత్యేకమైన మందులు, గుండె ఎడమభాగం చెడినవారికి మేలు చేయకపోగా కీడు చేసే అవకాశం ఉన్నది. గడ్డలు అడ్డుపడినవారిలో కొందరికి శస్త్రచికిత్స ద్వారా ఆ అడ్డును తొలగించవచ్చు. కనుక ‘ఏరు పారడం లేదు’ అని తెలిస్తే చాలదు, ఎక్కడ ఆగిందో కూడా తెలియాలి.

కొలతలు మారితే మాటలు మారుతాయి

ఆరోగ్యవంతుడు విశ్రాంతిగా ఉన్నప్పుడు పుపుస ధమనిలో సగటు ఒత్తిడి సుమారు 14 మిల్లీమీటర్ల పాదరసం. గుండెకు తీసే ఎకో పరీక్ష ఈ ఒత్తిడిని అంచనా మాత్రమే వేయగలదు. రోగాన్ని ధ్రువపరచడానికి సన్నని గొట్టాన్ని సిర గుండా గుండె కుడిభాగంలోకి పంపి నేరుగా కొలవాలి. 1929లో జర్మనీకి చెందిన వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువవైద్యుడు తన చేతి సిర గుండా అటువంటి గొట్టాన్ని తన గుండెలోకే పంపుకొని, అది సాధ్యమేనని లోకానికి చూపాడు. ఈ పద్ధతిని పెంపొందించిన ఆంద్రే కూర్నాన్, డికిన్సన్ రిచర్డ్స్‌లతో కలిసి ఆయన 1956లో నోబెల్ బహుమతిని అందుకొన్నాడు.

1960 దశకం చివరి సంవత్సరాలలో స్విట్జర్లాండు, ఆస్ట్రియా, జర్మనీ దేశాలలో ఈ రోగం హఠాత్తుగా పెరిగింది. ఆకలిని తగ్గించి బరువు దించడానికి వాడిన అమినోరెక్స్ అనే మందుకు, ఈ రోగానికి సంబంధం ఉన్నదని వైద్యులు గుర్తించారు. ఈ నేపథ్యంలో 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జెనీవాలో నిపుణుల సమావేశాన్ని ఏర్పాటు చేసింది. సగటు ఒత్తిడి 25 గాని, అంతకు మించి గాని ఉంటే పుపుస రక్తపోటుగా భావించే ప్రమాణం ఆ కాలం నుండి దీర్ఘకాలం అమలులో ఉన్నది. 2018లో జరిగిన ప్రపంచ సదస్సు ఈ హద్దును 20కి దించవలెనని ప్రతిపాదించింది. 2022లో ఐరోపా వైద్యసంఘాల మార్గదర్శకాలు ఆ మార్పును ఆమోదించాయి.

దీని ఫలితం గమనించదగినది. ఒత్తిడి 22 ఉన్న ఒక రోగి గురించి 2010లో ఒక వైద్యుడు ‘పుపుస రక్తపోటు లేదు’ అని రాశాడనుకొందాం. నాటి ప్రమాణం ప్రకారం ఆ మాట సత్యం. నేటి ప్రమాణం ప్రకారం అదే రోగికి రోగం ఉన్నట్లే. పాత కేస్ షీట్లను చదివేవారు ఏ సంవత్సరంలో రాసిన మాటో చూడకుండా అర్థం చెప్పరాదు. శాసనాన్ని చదివే చరిత్రకారుడు ముందు దాని కాలాన్ని నిర్ణయించినట్లే ఇక్కడా చేయాలి.

రోగి నోటి నుండి కేస్ షీటు దాకా

మన ప్రాంతంలో రోగి తన బాధను తెలుగులో చెప్పుకొంటాడు. వైద్యుడు దానిని చాలావరకు ఇంగ్లీషులో రాస్తాడు. అంటే కేస్ షీటు పుట్టుకతోనే ఒక అనువాదం. ‘ఆయాసం’, ‘రొప్పు’, ‘ఎగశ్వాస’, ‘ఊపిరాడకపోవడం’ అనే మాటలు ఒకదానికొకటి దగ్గరివే అయినా ఒకటి కావు. కొందరు ఎటువంటి ఆయాసాన్నైనా ‘ఉబ్బసం’ అనే అంటారు. ఆ మాటను విన్నది విన్నట్లుగా ఆస్తమా అని రాస్తే, అసలు రోగం ఆ మాట చాటునే దాగిపోతుంది.

2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛలతో ఆసుపత్రి పాలైన సంఘటన దేశమంతటా సంచలనం కలిగించింది. ఢిల్లీలోని ఎయిమ్స్ పరీక్షించిన రక్త నమూనాలలో సీసం, నికెల్ లోహాల జాడ కనిపించింది. అది వేరే వ్యాధి. కాని కారణం తెలియని సమయంలో పరిశోధకులకు మొదటి ఆధారం రోగుల లక్షణాలను రాసిన కాగితాలే అని ఆ సంఘటన గుర్తు చేస్తున్నది. ‘మూర్ఛ’ అనే మాటనే చూడండి. ప్రాచీన కావ్యాలలో మూర్ఛ అంటే దుఃఖం చేతనో దెబ్బ చేతనో స్పృహ తప్పడం. నేటి వ్యవహారంలో మూర్ఛ అంటే చాలామందికి ఫిట్స్. ఫిట్స్ మెదడుకు సంబంధించినది. ఊరకే స్పృహ తప్పడం గుండె వల్ల, పుపుస రక్తపోటు వల్ల కూడా కలుగవచ్చు. ఒక్క మాట రోగిని ఏ విభాగపు వైద్యుని దగ్గరకు పంపవలెనో నిర్ణయించగలదు.

లేబుళ్ళ అవసరం ఏమిటి?

పుపుస రక్తపోటు తొలిలక్షణం సాధారణమైన ఆయాసం. రక్తహీనత, ఉబ్బసం, వయసు, బరువు మొదలైన ఎన్నో కారణాలు దీనికి చెప్పుకోవచ్చు. అందువల్ల రోగం ఆలస్యంగా బయటపడుతుంది. మొదటి వర్గపు రోగులలో లక్షణాలు మొదలైన నాటి నుండి రోగనిర్ధారణ జరిగే నాటికి సగటున రెండేళ్ళకు పైగా గడుస్తున్నట్లు విదేశాల రోగుల పట్టికలు తెలుపుతున్నాయి. ఈలోగా ఆ రోగిని ఎందరో వైద్యులు చూసి ఉంటారు. ఎకో నివేదికలో ఒక మూల ఆ మాట వచ్చి ఉంటుంది. దానిని ఎవరూ పట్టించుకొని ఉండరు. వేల పత్రాలలో ఇటువంటి మాటలను వెతికి చూపగల సాధనం ఉంటే, మరచిపోయిన రోగిని మళ్ళీ వైద్యుని ముందుకు తేవచ్చు.

రోగాలకు అంతర్జాతీయ సంకేత సంఖ్యలు ఉన్నాయి గదా, వాటిని లెక్కిస్తే చాలదా అని సందేహం కలుగవచ్చు. సంకేతాలు ఎక్కువగా చెల్లింపుల కోసం, గణాంకాల కోసం రాసేవి. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీగా ఆరంభమై, 2024 నుండి డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవగా వ్యవహరింపబడుతున్న పథకంలో చికిత్సను బట్టి చెల్లింపు ఉంటుంది. ఒక రోగికి గుండె కవాటం మార్చితే ఆ శస్త్రచికిత్స లెక్కకు వస్తుంది. దానితోపాటు ఉన్న పుపుస రక్తపోటు వైద్యుడు రాసిన వాక్యంలోనే ఉండిపోవచ్చు. ఆ వాక్యాన్ని చదివితే తప్ప రోగం కనిపించదు.

2021లో దేశవ్యాప్తంగా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ తరువాత ఆరోగ్య పత్రాలు కంప్యూటర్లలోకి చేరడం వేగం పుంజుకొన్నది. విదేశాలలో ఈ పని అంతకు ముందే మొదలైనది. అమెరికాలోని బోస్టన్ నగరంలో ఒక ఆసుపత్రి తీవ్ర చికిత్సా విభాగాలలో చేరిన నలభై వేలకు పైగా రోగుల సమాచారాన్ని, వారి పేర్లు తొలగించి, 2016లో మిమిక్-3 అనే పేరుతో పరిశోధకులకు అందించారు. అటువంటి పత్రాల మీదనే లేబుళ్ళు వేసే విద్య ఎంతగానో అభివృద్ధి చెందింది.

ఆరు విధాల అర్థం

పత్రంలో ‘పుపుస రక్తపోటు’ అనే మాట కనిపించగానే రోగం ఉన్నదని గుర్తు పెట్టడం పెద్ద పొరపాటు. 2010లో అమెరికాలో ఐ-టు-బి-టు అనే సంస్థ నిర్వహించిన పరిశోధన పోటీలో రోగం పేరుకు ఆరు విధాల అర్థస్థితులను నిర్ణయించారు. ఈ పాఠం కోసం కల్పించిన వాక్యాల ద్వారా వాటిని పరిశీలిద్దాం.

మొదటిది ‘ఉన్నది’. “ఎకో పరీక్షలో పుపుస రక్తపోటు ఒక మోస్తరుగా కనిపించింది.” ఇక్కడ సందేహం లేదు.

రెండవది ‘లేదు’. “పుపుస రక్తపోటు చిహ్నాలు కనిపించలేదు.” మాట ఉన్నది, రోగం లేదు.

మూడవది ‘ఉండవచ్చు’. “పుపుస రక్తపోటు కావచ్చునని అనుమానం.” వైద్యుడు తేల్చి చెప్పలేదు కనుక చదివేవారు కూడా తేల్చరాదు.

నాల్గవది ‘ఒక సందర్భంలో మాత్రమే’. “శ్రమ చేసినప్పుడు మాత్రమే పుపుస ధమనిలో ఒత్తిడి పెరుగుతున్నది.”

ఐదవది ‘మున్ముందు రావచ్చు’. “ఈ మందు వాడుతుండగా పుపుస రక్తపోటు తలెత్తితే వెంటనే మందు ఆపవలెను.” ఇక్కడ రోగం ఊహలో మాత్రమే ఉన్నది.

ఆరవది ‘వేరొకరిది’. “రోగి అక్కకు పుపుస రక్తపోటు ఉన్నది.” ఇది ఈ రోగి రోగం కాదు. అయినా వంశంలో వచ్చే అవకాశం ఉన్న రోగం కనుక దీనిని పారవేయరాదు. తగిన గుర్తుతో భద్రపరచాలి.

వీటిలో ‘లేదు’ అనేది పైకి సులభంగా కనిపించినా మిక్కిలి చిక్కైనది. “పుపుస రక్తపోటు పెరగలేదు” అనే వాక్యంలో వ్యతిరేక క్రియ ఉన్నది. కాని అది నిషేధించినది పెరుగుదలనే, రోగాన్ని కాదు. పెరగలేదు అంటే రోగం అంతకు ముందే ఉన్నదని అర్థం. ఇంగ్లీషు కేస్ షీట్లలో తరచుగా వచ్చే ‘రూల్ ఔట్’ అనే పదబంధం మరొక ఉదాహరణ. ‘రూల్డ్ ఔట్’ అంటే పరీక్షించి రోగం లేదని తేల్చినట్లు. ‘రూల్ ఔట్’ అని ఆదేశంగా రాస్తే, రోగం ఉన్నదేమో పరీక్షించి చూడండి అని అర్థం. ఒక్క అక్షరం తేడాతో నిర్ణయం సందేహంగా మారిపోయింది.

సంస్కృత శాస్త్రకారులు వాక్యార్థానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడింటిని కారణాలుగా చెప్పారు. పదాలు ఒకదానినొకటి కోరుకోవడం ఆకాంక్ష. వాటి అర్థాలు పొసగడం యోగ్యత. అవి దగ్గరగా ఉండడం సన్నిధి. 2001లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో వెండీ చాప్‌మన్, ఆమె సహచరులు నెగెక్స్ అనే విధానాన్ని ప్రకటించారు. అది నిషేధార్థక పదాల పట్టికను దగ్గర పెట్టుకొని, వాటికి కొద్ది మాటల దూరంలో ఉన్న రోగాన్ని ‘లేదు’ అని గుర్తిస్తుంది. అంటే ప్రధానంగా సన్నిధి మీద ఆధారపడుతుంది. ఆశ్చర్యకరంగా ఆ సులభ సూత్రమే చాలా వాక్యాలకు సరిపోతుంది. సరిపోనిచోట ఆకాంక్ష, యోగ్యతలు తెలిసిన మనిషి అవసరమవుతాడు.

సైంధవ న్యాయం

శాస్త్రగ్రంథాలలో సైంధవ శబ్దం ప్రసిద్ధమైన ఉదాహరణ. సైంధవం అంటే ఉప్పు, గుర్రం అని రెండర్థాలు. భోజనానికి కూర్చున్నవాడు సైంధవం తెమ్మంటే ఉప్పు తేవాలి. ప్రయాణానికి సిద్ధమైనవాడు తెమ్మంటే గుర్రాన్ని తేవాలి. కేస్ షీట్లలో వాడే పొడి అక్షరాలు నేటి సైంధవాలు. ‘పి.హెచ్.టి.’ అని ఉంటే అది పుపుస రక్తపోటు కావచ్చు. కాలేయానికి రక్తం తెచ్చే సిరలో ఒత్తిడి పెరిగే పోర్టల్ రక్తపోటు కావచ్చు. ఎకో నివేదికలో ఐతే గుండె కవాటం ఇరుకును లెక్కగట్టే ఒక కొలత పేరు కూడా కావచ్చు. కవాటం ఇరుకైనవారికే పుపుస రక్తపోటు కూడా తరచుగా వస్తుంది కనుక ఒకే కాగితం మీద ఆ పొడి అక్షరాలు రెండర్థాలలో ఎదురుపడే అవకాశం ఉన్నది. పక్కన మిల్లీసెకన్ల లెక్క ఉంటే కొలత అనీ, కడుపులో నీరు, ప్లీహం పెరుగుదల వంటి మాటలుంటే కాలేయ సంబంధమనీ గ్రహించాలి.

మరొక చిక్కు ‘పి.ఎ.హెచ్.’ అనే సంకేతం. కచ్చితంగా చెప్పాలంటే అది మొదటి వర్గపు రోగానికి మాత్రమే చెందిన పేరు. మన దేశపు ఎకో నివేదికలలో మాత్రం పుపుస ధమనిలో ఒత్తిడి ఏ కారణం చేత పెరిగినా ఆ అక్షరాలే రాయడం పరిపాటి. విదేశీ పత్రాలతో శిక్షణ పొందిన యంత్రం మన నివేదికను చదివితే, రెండవ వర్గపు రోగిని మొదటి వర్గంలో చేర్చగలదు. ఆ పొరపాటు ఎంత కీడు చేయగలదో ఇదివరకే తెలుసుకొన్నాం. కనుక మన ప్రాంతపు పత్రాలకు, మన వైద్యుల వాడుక తెలిసినవారే లేబుళ్ళు వేయాలి.

ఇద్దరు పాఠకులు

ఒక్కరి తీర్పును నమ్మడం కష్టం. అందుచేత ఒకే పత్రాన్ని ఇద్దరు విడివిడిగా చదివి లేబులు వేస్తారు. తరువాత వారి తీర్పులను పోల్చుతారు. నూరు పత్రాలలో ఇద్దరూ చెరి 20 పత్రాలకు ‘ఉన్నది’ అన్నారనీ, వాటిలో 15 ఇద్దరికీ సమ్మతమనీ, 75 పత్రాలకు ఇద్దరూ ‘లేదు’ అన్నారనీ అనుకొందాం. అంటే 90 చోట్ల ఏకాభిప్రాయం కుదిరింది. ఇది గొప్పగా కనిపిస్తుంది. కాని వారు కళ్ళు మూసుకొని అదే నిష్పత్తిలో గుర్తులు పెట్టినా యాదృచ్ఛికంగా 68 చోట్ల ఏకీభవిస్తారు. 1960లో జేకబ్ కోహెన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించిన కప్పా అనే కొలత ఈ యాదృచ్ఛికతను తీసివేసి చూస్తుంది. 68 పోగా మిగిలిన 32లో వారు నిజంగా సాధించినది 22. అంటే కప్పా విలువ సుమారు 0.69. తొంభై శాతం అనిపించినది ఇప్పుడు వేరుగా కనిపిస్తున్నది.

భేదాభిప్రాయం వచ్చిన పది పత్రాలే ఈ పనిలో విలువైనవి. వాటిని ముందు పెట్టుకొని ఇద్దరూ చర్చించి, అవసరమైతే మూడవవారైన నిపుణుని అడిగి, ఒక నియమాన్ని రాసుకొంటారు. ఉదాహరణకు, నివేదికలో రోగం పేరు లేకుండా ఎక్కువ ఒత్తిడిని తెలిపే అంకె మాత్రమే ఉంటే ఏం చేయాలి? రోగం పేరు చెప్పినచోటనే గుర్తు పెట్టాలని నియమం ఉంటే, అంకెను చూసి చదివేవారు తామే రోగాన్ని నిర్ణయించరాదు. కావాలంటే దానికి వేరే లేబులు ఏర్పరచుకోవాలి. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రచించిన తెలుగువాడు కోలాచల మల్లినాథసూరి ఆధారం లేనిదేదీ రాయకూడదనే నియమాన్ని తనకు తాను విధించుకొన్నాడు. కేస్ షీటుకు లేబులు వేసేవారికి కూడా ఆ నియమమే శిరోధార్యం.

మన రాష్ట్రాలలో వాక్యాలకు గుర్తులు పెట్టే విద్య కొత్తది కాదు. 1998లో ఏర్పడిన హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో భాషా పరిశోధకులు పాణినీయ కారక సిద్ధాంతాన్ని అనుసరించి, తెలుగు సహా భారతీయ భాషల వాక్యాలలో కర్త ఏది, కర్మ ఏది అని గుర్తించి కంప్యూటర్లకు అందించారు. భాషా శాస్త్రం చదివినవారికి వైద్యరంగంలో కూడా పని ఉన్నదనడానికి ఇది నిదర్శనం.

తప్పు విలువ

లేబులు వేసిన పత్రాలతో శిక్షణ పొందిన యంత్రాన్ని పరీక్షించడంలో కూడా వివేకం అవసరం. వేయి పత్రాలలో పదింటిలో మాత్రమే రోగం ఉన్నదనుకొందాం. అన్నింటికీ ‘లేదు’ అనే యంత్రం 990 చోట్ల సరిగా చెప్పినట్లే. అంటే నూటికి 99 మార్కులు. కాని వెతకవలసిన పదిమందిలో ఒక్కరిని కూడా అది కనుగొనలేదు. అందుచేత రెండు ప్రశ్నలు అడగాలి. ఉన్న పదిమందిలో ఎందరిని పట్టుకొన్నది? అది చూపినవారిలో ఎందరికి నిజంగా రోగం ఉన్నది? యంత్రం 12 మందిని చూపగా వారిలో 8 మందికి రోగం ఉంటే, ఇద్దరు తప్పిపోయినట్లు, నలుగురు అనవసరంగా భయపడినట్లు. తప్పిపోయిన ఇద్దరికి మళ్ళీ పిలుపు రాకపోవచ్చు. భయపడిన నలుగురు మరొక ఎకో పరీక్షతో ఊరట పొందగలరు. ఏ తప్పు ఎక్కువ బరువైనదో అంకెలు చెప్పవు. దానిని మనమే నిర్ణయించుకోవాలి.

ఈ మధ్యకాలంలో పెద్ద భాషానమూనాలు అనే కొత్త సాధనాలు వచ్చి, ఇంతటి శిక్షణ లేకుండానే కేస్ షీట్లను చదువుతున్నాయి. అయితే అవి సరిగా చదివాయో లేదో తేల్చడానికి కూడా మనుషులు జాగ్రత్తగా లేబులు వేసిన పత్రాలే గీటురాయి. గీటురాయి నకిలీదైతే బంగారం విలువ తెలియదు.

రోగి రహస్యం

కేస్ షీటు రోగి నమ్మకంతో చెప్పుకొన్న మాటల మూట. దానిని ఇతరుల చేతికి ఇచ్చే ముందు పేరు, ఊరు, ఫోన్ నంబరు, తేదీల వంటి ఆనవాళ్ళను తొలగించాలి. చిన్న ఊళ్ళ విషయంలో మరింత జాగ్రత్త కావాలి. నగరంలో ‘నలభై ఏళ్ళ స్త్రీ’ అంటే ఎవరో తెలియదు. ఒక లంక గ్రామం పేరు, వయస్సు, ఆమె చేసే పని, అరుదైన రోగం పేరు కలిపి రాస్తే, పేరు లేకపోయినా ఊరివారు ఆమెను పోల్చుకొంటారు. వ్యక్తుల డిజిటల్ సమాచార రక్షణకు మన పార్లమెంటు 2023లో చట్టం చేసింది. చట్టం ఉన్నా లేకున్నా, చదివిన విషయాన్ని బయట చెప్పకపోవడం ఈ పనిలో మొదటి ధర్మం.

ఇప్పుడు ఒక రోగిని ఊహించుకొందాం. మండవల్లి ప్రాంతంలో చేపల చెరువుల మీద కూలికి పోయే స్త్రీ ఆయాసంతో ఒక ఆసుపత్రికి వెళ్ళింది. ‘ఉబ్బసం’ అని రాసి మందులిచ్చారు. ఏడాది తరువాత మరొకచోట ఎకో తీసి, నివేదిక చివర ‘పి.ఎ.హెచ్. కొద్దిగా ఉన్నది’ అని రాశారు. ఆమె ఆ కాగితాన్ని పెట్టెలో దాచుకొన్నది. మూడవ ఆసుపత్రిలో ‘బి.పి. లేదు’ అని రాశారు. ఈ మూడు కాగితాలలో ఒక్కటీ అబద్ధం చెప్పలేదు. మూడింటినీ కలిపి, ఏ మాట ఎవరు ఎప్పుడు ఏ అర్థంలో రాశారో చూసి చదివినవారికి మాత్రమే, కవాటం ఇరుకైన గుండె ఒకటి సాయం కోసం ఎదురుచూస్తున్నదేమోనన్న అనుమానం కలుగుతుంది. ఆ అనుమానం ఆమెను సకాలంలో గుండె వైద్యుని దగ్గరకు చేర్చగలదు.

లేబులు ఒక చిన్న గుర్తు. దానిని పెట్టడానికి పట్టేది అరనిమిషం. అయితే ఆ అరనిమిషంలో రోగం ఎవరిది, ఎప్పటిది, ఎంతవరకు నిశ్చయం అనే మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పుకోవాలి. విద్యార్థులు భాషను ఏ పరీక్ష కోసం చదివినా, ఈ మూడు ప్రశ్నలతో చదవడం అలవాటు చేసుకొంటే ఆ చదువు ఒకనాడు ఎవరి ప్రాణానికైనా అక్కరకు రావచ్చు.